కొవ్వు తగ్గాలంటే చికెన్‌లో ఏ ముక్క తినాలి? తూచి, వండి, తిని చూశాక నాకు అర్థమైంది

మూడు వారాల పాటు రోజూ రెండు పూటలా తోలు తీసిన చికెన్ బ్రెస్టే తిన్నాను. ప్రతిసారీ స్కేల్ మీద 200 గ్రాములు చూసుకుని, ఫోన్‌లో యాప్ తెరిచి నంబరు కొట్టి మరీ తిన్నాను. ఆ యాప్ లెక్క ప్రకారం నేను రోజుకి 400 క్యాలరీలు తక్కువ తింటున్నాను. బరువు మాత్రం అర కేజీ కూడా కదల్లేదు. మూడో వారం చివర్లో నిజంగా ఏడుపొచ్చింది. ఇంత నోరు కట్టుకుని, ఇంత లెక్కగా ఉన్నా తగ్గట్లేదంటే నా ఒంట్లోనే ఏదో తేడా ఉందేమో, టెస్టులు చేయించుకోవాలేమో అన్నంత టెన్షన్.

ఆ ఆదివారం అక్క వచ్చింది. నేను పాన్‌లోంచి ముక్కలు తీసి తూస్తుంటే పక్కనే నిలబడి చూసింది.

"వండాక తూస్తున్నావు కదా, మరి యాప్‌లో కొట్టింది పచ్చి చికెన్ లెక్కా, వండినదాని లెక్కా?"

"చికెన్ బ్రెస్ట్ అని కొట్టానక్కా, అంతే."

"అంతే అంటే ఎలా? ఓసారి తెరిచి చూడు."

తెరిచి చూస్తే అది పచ్చి చికెన్ లెక్క. తోలు లేని పచ్చి బ్రెస్ట్ 100 గ్రాముల్లో సుమారు 120 క్యాలరీలుంటాయి. అదే వండాక 100 గ్రాములు తూస్తే సుమారు 165. ముక్కలో క్యాలరీలు పెరిగి కాదు, వండేటప్పుడు నీరు పోయి ముక్క చిన్నదవుతుంది కాబట్టి అదే 100 గ్రాముల్లో ఎక్కువ మాంసం పడుతుంది. పచ్చిగా 100 గ్రాములున్నది వండాక దాదాపు 75 గ్రాములకి వస్తుంది. అంటే నేను పూటకి 330 క్యాలరీలు తింటూ 240 అని రాసుకుంటున్నాను. రెండు పూటలకి 180 తేడా.

నూనె సంగతి కూడా అక్కే పట్టుకుంది. సీసా ఎత్తి పాన్‌లోకి నేరుగా వంచేస్తున్నాను, దాన్ని అసలు రాసుకోవట్లేదు. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే సుమారు 120 క్యాలరీలు. తను అదే టేబుల్ స్పూన్ తీసుకుని, నేను మామూలుగా పోసేంత అందులోకి పోయమంది. చెంచా నిండి పొంగింది. పూటకి కనీసం 120 అనుకున్నా రెండు పూటలకి 240. ఆ 180, ఈ 240 కలిపితే 420. నేను తక్కువ తింటున్నాననుకున్న 400 ఎక్కడికి పోయిందో అక్కడే స్టవ్ పక్కన తేలిపోయింది.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ రోజే. "బరువు తగ్గాలా, బ్రెస్ట్ తిను" అని అందరూ చెప్తారు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. ఏ ముక్క కొన్నామన్నది ఎంత ముఖ్యమో, దాని మీద తోలు ఉందా, ఎంత నూనెలో పడింది, ఎలా తూచాం అన్నది అంతకన్నా ముఖ్యం. ఇది తెలియక చాలామంది నాలాగే ఎండిపోయిన బ్రెస్ట్ నమిలి నమిలి, ఫలితం కనపడక, నెలలోపే వదిలేస్తున్నారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ముందు ప్రోటీన్ గురించి రెండు మాటలు చెప్పి ముక్కల్లోకి వెళ్తాను. కొవ్వు తగ్గాలంటే ఒంటికి కావాల్సినదానికన్నా కాస్త తక్కువ క్యాలరీలు తినాలి, ఇందులో ఏ ముక్కా మినహాయింపు ఇవ్వదు. అయితే తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ప్రోటీన్ సరిపడా తింటూ, కాస్త బరువులెత్తే వ్యాయామం చేస్తే కండ చాలావరకు నిలుస్తుంది. పైగా ప్రోటీన్ తింటే కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంటుంది, దాన్ని అరిగించుకోవడానికే ఒళ్లు అందులోని క్యాలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చు పెడుతుంది. కొవ్వు విషయంలో ఆ ఖర్చు 3 శాతం కూడా దాటదు. పెద్దవాళ్లకి మామూలుగా కేజీ బరువుకి రోజుకి 0.8 గ్రాముల ప్రోటీన్ చాలంటారు, బరువు తగ్గుతూ వ్యాయామం చేసేవాళ్లు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా తీసుకుంటారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

గ్రాము ప్రోటీన్‌లో 4 క్యాలరీలు, గ్రాము కొవ్వులో 9. కోడి మాంసంలో పిండి పదార్థం దాదాపు ఉండదు కాబట్టి, ఒక ముక్కలో క్యాలరీలు ఎక్కువున్నాయంటే దానర్థం కొవ్వు ఎక్కువుందనే. ఇది గుర్తుంటే ఏ ముక్కని చూసినా అంచనా వచ్చేస్తుంది.

బ్రెస్ట్‌తో మొదలుపెడతాను. తోలు తీసి, నూనె లేకుండా వండిన బ్రెస్ట్ 100 గ్రాముల్లో 31 గ్రాముల ప్రోటీన్, మూడున్నర గ్రాముల కొవ్వు ఉంటాయి. ఇంత తక్కువ కొవ్వు ఎందుకంటే, కోడి రోజంతా నిలబడుతుంది, నడుస్తుంది, కానీ ఎగరడం అరుదు. రొమ్ము కండ ఎగరడానికి, అదీ ఒక్కసారిగా రెక్కలు కొట్టి పైకి లేవడానికి ఉన్న కండ. అలాంటి కండ అప్పటికప్పుడు దొరికే చక్కెరతో పనిచేస్తుంది. కాలి కండ గంటలకొద్దీ పనిచేయాలి, దానికి నిలకడగా ఇంధనం కావాలి, అందుకే అందులో కొవ్వు ఎక్కువ, ఆక్సిజన్‌ని పట్టి ఉంచే మయోగ్లోబిన్ కూడా ఎక్కువ. కాలి ముక్క ముదురు రంగులో ఉండడానికి కారణం ఆ మయోగ్లోబినే. బ్రెస్ట్ లోపలి వైపున వేలంత పొడవుగా విడిగా ఊడొచ్చే చిన్న కండ ఉంటుంది చూడండి, అదీ ఇంతే లీన్‌గా, అంటే కొవ్వు తక్కువగా ఉంటుంది, బ్రెస్ట్ కన్నా మెత్తన కూడా. దాని మధ్యలో తెల్లటి నరంలాంటి తాడు ఒకటి ఉంటుంది, కొసని గుడ్డతో పట్టుకుని కత్తి ఆనించి లాగేస్తే వచ్చేస్తుంది.

ఇక తోలు. నా దృష్టిలో చికెన్‌లో మొట్టమొదట పట్టించుకోవాల్సింది ఇదే, ఏ ముక్క అన్నది ఆ తర్వాత. వండిన కోడి తోలు 100 గ్రాముల్లో 40 గ్రాముల కొవ్వు, 450 దాకా క్యాలరీలు ఉంటాయి. అదే బ్రెస్ట్‌ని తోలుతో తింటే 165 క్యాలరీలు 197 అవుతాయి, కొవ్వు రెట్టింపు దాటుతుంది. తోలుతో ఉన్న తొడ ముక్క పచ్చిది తీసుకుంటే 100 గ్రాములకి 220 క్యాలరీలు, 16 గ్రాముల కొవ్వు. తోలు, దాని కిందున్న కొవ్వు తీసేస్తే అదే తొడ ముక్క 121 క్యాలరీలకి, 4 గ్రాముల కొవ్వుకి వచ్చేస్తుంది. ముక్క మార్చలేదు, కోడి మార్చలేదు, తోలు తీశామంతే, దాదాపు సగానికి పడిపోయింది.

తొడ ముక్క తోలు తీయడం చాలామందికి చిరాకు, జారిపోతుంది. చేతికి పొడి గుడ్డో టిష్యూ పేపరో తీసుకుని తోలు అంచు పట్టుకుని లాగండి, చొక్కా విప్పినట్టు ఒక్క లాగుకి వచ్చేస్తుంది. అక్కడితో ఆపొద్దు. ముక్కని తిప్పి చూస్తే అంచుల వెంట, కండకీ కండకీ మధ్య సందుల్లో లేత పసుపు రంగులో మెత్తటి ముద్దలుంటాయి. నేను మొదటిసారి అవన్నీ కత్తెరతో కత్తిరించి చిన్న గిన్నెలో వేస్తూ పోయాను. ఆరు తొడ ముక్కలకి గిన్నె అడుగు కనపడలేదు. ఆ గిన్నె చూశాకే లీన్ అన్న మాటకి అర్థం నాకు కంటికి కనపడింది. కత్తితో కన్నా వంటింటి కత్తెరతో ఈ పని చాలా తేలిక.

ఇక్కడ ఒక మంచి వార్త కూడా ఉంది. తోలుతో వండితే ఆ కొవ్వంతా మాంసంలోకి దిగిపోతుందని భయపడతారు, కానీ ఓవెన్‌లో కాల్చినా, గ్రిల్ చేసినా అలా పెద్దగా దిగదు. తోలుతో కాల్చి, తినేముందు తీసేసినా కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా రాదు, ముక్క మాత్రం ఎండిపోకుండా ఉంటుంది. కూరలా ద్రవంలో ఉడికించేటప్పుడు మాత్రం ముందే తీసేయాలి, ఎందుకంటే కరిగిన కొవ్వంతా గ్రేవీలోనే ఉండిపోతుంది, మనం గ్రేవీతో కలిపి తింటాం.

ఇప్పుడు నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం చెప్తాను. తోలు తీసిన పచ్చి బ్రెస్ట్ 100 గ్రాములకి 120 క్యాలరీలు, తోలూ కొవ్వూ తీసిన పచ్చి తొడ ముక్క 121. అవును, ఒక్క క్యాలరీ తేడా. తొడలో కొవ్వు కాస్త ఎక్కువ, నీరూ ఎక్కువే, ప్రోటీన్ తక్కువ. ప్రోటీన్ బ్రెస్ట్‌లో 22 గ్రాములుంటే తొడలో దాదాపు 20. వండాక తేడా ఇంకాస్త తెలుస్తుంది, తొడ 100 గ్రాములకి 180 దగ్గరకి వెళ్తుంది, కొవ్వు 8 గ్రాములు. కాబట్టి గ్రాము గ్రాముకీ చూస్తే బ్రెస్టే ముందుంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఒక పూటకి పచ్చిగా 150 గ్రాములు తింటామనుకుంటే బ్రెస్ట్ నుంచి 34 గ్రాముల ప్రోటీన్, తొడ నుంచి 30, క్యాలరీలు రెండిట్లోనూ 180. ఆ నాలుగు గ్రాముల కోసం నచ్చని ముక్కని ఆరు నెలలు తినాలా అన్నది ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి. నేనైతే తినను. తొడలో ఐరన్, జింక్ బ్రెస్ట్ కన్నా ఎక్కువ, అదీ ఒక లాభం. పైగా తొడ నాలుగు నిమిషాలు ఎక్కువ ఉడికినా చెడదు, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడి చేసినా మెత్తగానే ఉంటుంది. బ్రెస్ట్‌కి అంత ఓర్పు లేదు.

నా పద్ధతి ఇప్పుడు ఇలా స్థిరపడింది: రోజువారీ క్యాలరీలు బాగా బిగించిన రోజుల్లో బ్రెస్ట్, మిగతా రోజుల్లో తోలు తీసిన తొడ. బయట ఎక్కడైనా ఒక పూట తినాల్సి వస్తుందని ముందే తెలిస్తే ఆ రోజు ఇంట్లో తినే పూటకి బ్రెస్ట్. మూడు వారాలు ఒకే ముక్కతో కుస్తీ పట్టడం కన్నా ఇదే నాకు నిలబడింది.

లెగ్ పీస్, అంటే తొడ కింద ఉండే ముక్క, చాలామంది దీన్ని తొడతో కలిపి ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి తోలు తీస్తే ఇది తొడ కన్నా లీన్. వండిన తర్వాత 100 గ్రాములకి 155 నుంచి 170 క్యాలరీల మధ్య, కొవ్వు 6 గ్రాముల లోపు. తోలుతో తింటే కొవ్వు 11 గ్రాములకి పోతుంది. దీంతో వచ్చే చిక్కు ఎముక. ఒకసారి వండిన లెగ్ పీస్ తూచి, తిన్నాక ఎముక మళ్లీ తూచాను, మూడో వంతుకి కాస్త తక్కువ ఎముకే. ఎముకతో కలిపి తూచి మొత్తం మాంసమని రాసుకుంటే ప్రోటీన్ లెక్క అక్కడే తప్పిపోతుంది. తినే ముందు ఒకసారి, తిన్నాక ఎముకలు ఒకసారి తూచి తీసేయడమే సులువు. రెండు మూడు సార్లు చేస్తే కంటికే అంచనా వచ్చేస్తుంది, తర్వాత తూచక్కర్లేదు.

వింగ్స్ గురించి ఎక్కువ చెప్పను. మాంసం కొంచెం, తోలు చాలా. తోలుతో వండినవి 100 గ్రాములకి 290 క్యాలరీలు, 19 గ్రాముల కొవ్వు, అదీ నూనెలో వేయించకుండా. వింగ్స్ తోలు తీసి తినేవాళ్లని నేనింతవరకు చూడలేదు. ఇష్టమైతే ఎప్పుడో ఒకసారి తినండి, తగ్గే రోజుల్లో రోజువారీ తిండిగా మాత్రం వద్దు. మెడ, వెన్ను ముక్కలదీ ఇంచుమించు ఇదే కథ, వాటిని స్టాక్‌కి, అంటే నీళ్లలో కాచి తీసే రసానికి, వాడుకోవచ్చు. స్టాక్ కాచి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి కొవ్వంతా పైన గట్టి పొరలా పేరుకుంటుంది, దాన్ని చెంచాతో ఎత్తి పారేస్తే కింద మిగిలేది దాదాపు కొవ్వు లేని రసం. కూరలకీ ఈ చిట్కా పనిచేస్తుంది, ముందురోజు వండుకుంటే.

చాలామంది అసలు లెక్కలోకి తీసుకోనిది కందనకాయ. ఉడికించిన కందనకాయ 100 గ్రాముల్లో 30 గ్రాముల ప్రోటీన్, 3 గ్రాముల లోపు కొవ్వు, 154 క్యాలరీలు. బ్రెస్ట్‌తో సమానం, ఒకరకంగా ఒక మెట్టు పైనే. కోడికి పళ్లుండవు కదా, గింజల్ని నలిపేది ఈ కండే, రాత్రీ పగలూ పనిచేసే కండ కాబట్టి గట్టిగా ఉంటుంది. కుక్కర్‌లో బాగా మెత్తబడేదాకా ఉడికించి ఆ తర్వాత పొడిగా వేయించుకుంటే నమలడానికి టైమ్ పడుతుంది, తినే వేగం తగ్గుతుంది, కొంచెంతోనే కడుపు నిండినట్టుంటుంది. మా ఇంట్లో ముందు ఎవరూ ముట్టలేదు, ఇప్పుడు వండితే నాకు మిగలట్లేదు. కొలెస్ట్రాల్ మాత్రం మాంసంలో కన్నా ఎక్కువుంటుంది, డాక్టర్ దాన్ని తగ్గించుకోమన్నవాళ్లు చూసుకోవాలి.

లివర్ కూడా కొవ్వు తక్కువే, వండాక 100 గ్రాములకి 6 గ్రాముల చిల్లర, ఐరన్, బి12 దండిగా ఉంటాయి. కానీ దాన్ని రోజూ తినే ప్రోటీన్‌గా పెట్టుకోవద్దు. అందులో విటమిన్ ఏ చాలా ఎక్కువ, అది ఒంట్లో పేరుకుపోయే విటమిన్. గర్భిణులు దూరంగా ఉండడం మంచిది. యూరిక్ యాసిడ్ సమస్య ఉన్నవాళ్లూ అంతే. మిగతావాళ్లు వారానికి ఒకసారి కొంచెం తింటే చాలు.

కైమా దగ్గర మోసపోయేవాళ్లు చాలామంది. చికెన్ కైమా అనగానే లీన్ అనుకుంటాం. అందులో తోలు, కాలి మాంసం, కొవ్వు ఏది ఎంత పడిందో చూసి చెప్పలేం. మామూలుగా అమ్మే పచ్చి చికెన్ కైమా 100 గ్రాముల్లో 8 గ్రాముల కొవ్వుంటుంది, తోలు లేని పచ్చి తొడ ముక్కకి రెట్టింపు. టర్కీ కోడి కైమా ప్యాకెట్ల మీద 85 శాతం లీన్, 93 శాతం లీన్, 99 శాతం లీన్ అని రాస్తారు, ఆ శాతం బరువులో లెక్క. 85 శాతం లీన్ అంటే 100 గ్రాముల్లో 15 గ్రాములు కొవ్వే, క్యాలరీల్లో చూస్తే సగం పైన కొవ్వు నుంచే వస్తాయి. చదవగానే 85 అన్న అంకె పెద్దదిగా కనపడుతుంది కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. నేనైతే బ్రెస్ట్, తోలు తీసిన తొడ సగం సగం తీసుకుని నా ముందే కైమా కొట్టించుకుంటాను, లేదంటే ముక్కల్ని అరగంట ఫ్రీజర్‌లో పెట్టి కాస్త బిగుసుకున్నాక ఇంట్లోనే మిక్సీలో ఆపి ఆపి తిప్పుకుంటాను. పూర్తిగా బ్రెస్ట్‌తోనే చేస్తే ఉండలు ఎండిపోయి పొడిపొడిగా వస్తాయి.

కోడి కాకుండా మిగతా పక్షుల విషయానికొస్తే, తోలు లేని టర్కీ బ్రెస్ట్ చికెన్ బ్రెస్ట్ కన్నా కూడా లీన్, వండాక 100 గ్రాములకి 30 గ్రాముల ప్రోటీన్, కొవ్వు 2 గ్రాములు. బాతు దీనికి పూర్తిగా ఎదురు. నీళ్లలో తిరిగే పక్షి, ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి తోలు కింద మందంగా కొవ్వు పెట్టుకుంటుంది. తోలుతో కాల్చిన బాతు 100 గ్రాములకి 337 క్యాలరీలు, 28 గ్రాముల కొవ్వు. తోలు తీస్తే 200 క్యాలరీలకి వస్తుంది. కాబట్టి పక్షి మాంసం ఏదైనా తేలికే అనుకోవడానికి లేదు.

నగ్గెట్స్, సాసేజ్‌లు, బ్రెడ్ పొడి పట్టించి ప్యాకెట్లో అమ్మేవి, వీటిని నేను చికెన్ లెక్కలో వేయను. వెనక్కి తిప్పి 100 గ్రాములకి ప్రోటీన్ ఎంతో చూడండి, చాలావాటిల్లో బ్రెస్ట్‌లో ఉన్నదానికి సగం కూడా ఉండదు, కొవ్వు, పిండి, ఉప్పు మాత్రం ఉంటాయి. శాండ్‌విచ్‌లలో పెట్టుకునే పలుచటి స్లైసులు కొవ్వు తక్కువే కానీ ఉప్పు బాగా ఎక్కువ.

ఉప్పు అంటే గుర్తొచ్చింది. కొన్ని దేశాల్లో అమ్మే పచ్చి చికెన్‌లోకి కూడా ఉప్పు నీళ్లు ఎక్కిస్తారు, బరువు పెరుగుతుంది, ముక్క రసంగా ఉంటుంది. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఎంత శాతం ద్రావణం కలిపారో రాసుంటుంది. మామూలు పచ్చి చికెన్ 100 గ్రాముల్లో సోడియం వంద మిల్లీగ్రాముల లోపే ఉంటుంది, లేబుల్ మీద అది మూడు నాలుగు వందలుంటే లోపల ఉప్పు నీళ్లున్నట్టే. కొవ్వుకీ దీనికీ సంబంధం లేదు, కానీ అలాంటిది తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలబడి బరువు పెరిగినట్టు చూపిస్తే, పాపం ఎంతోమంది కొవ్వు పెరిగిందని కంగారు పడతారు.

బ్రెస్ట్ కొనేటప్పుడు పై భాగాన్ని ఒకసారి వెలుతురులో చూడండి. కొన్నిటి మీద కండ పోగుల వెంటే సన్నటి తెల్ల గీతలు వరసగా కనపడతాయి. చాలా వేగంగా, చాలా పెద్దగా పెరిగేలా పెంచిన కోళ్లలో ఇది ఎక్కువ. కండ పోగులు దెబ్బతిన్నచోట కొవ్వు, పీచు కణజాలం చేరితే ఆ గీతలు వస్తాయి. తింటే ప్రమాదమేమీ లేదు, కానీ గీతలు లావుగా, దట్టంగా ఉన్న ముక్కలో కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ కాస్త తక్కువ. నేను మరీ పెద్ద బ్రెస్ట్‌లు పక్కన పెట్టి మధ్యస్థంగా ఉన్నవి ఏరుకుంటాను. అవి సమంగా ఉడుకుతాయి కూడా. వేలితో నొక్కితే చెక్కలా గట్టిగా తగిలేవి అసలు వద్దు, ఎలా వండినా రబ్బరులా సాగుతాయి.

వంట దగ్గరకొస్తే, బ్రెస్ట్ ఎండిపోవడానికి కారణం బ్రెస్ట్ కాదు, మనం ఎక్కువ ఉడికించడం. ఒక వైపు లావుగా, ఇంకో వైపు పలుచగా ఉంటుంది కదా, లావు వైపు ఉడికేసరికి పలుచటి వైపు పీచైపోతుంది. అడ్డంగా రెండు పలుచటి పొరలుగా కోసుకోండి, లేదా కవరు కింద పెట్టి అప్పడాల కర్రతో లావు వైపు తట్టి సమం చేయండి. ముందు రాత్రే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఉప్పు లోపలికి దిగి, వండేటప్పుడు నీరు పోకుండా కొంత ఆపుతుంది. నేను మీట్ థర్మామీటర్ ఒకటి కొనుక్కున్నాను, ఇంత చిన్న వస్తువు నా వంటని ఇంత మారుస్తుందని అనుకోలేదు. లావుగా ఉన్నచోట మధ్యలో గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి, అప్పుడు తినడానికి సురక్షితం, అక్కడితో దింపేయాలి. దింపాక ఐదు నిమిషాలు కదపకుండా వదిలేసి అప్పుడు కోయండి, రసం ప్లేటులోకి కారిపోదు. తొడ ముక్కని మాత్రం 80 దాటేదాకా పోనిస్తే ఇంకా మెత్తగా వస్తుంది.

నూనె చెంచాతోనే. నాన్‌స్టిక్ పాన్ అయితే ఒక టీ స్పూన్ చాలు, అంటే 40 క్యాలరీలు. పాన్‌లో పోసే బదులు ముక్కకే రాసి, వేడెక్కిన పాన్ మీద పెడితే అదే టీ స్పూన్ నాలుగు ముక్కలకి వస్తుంది. నూనె పూర్తిగా మానేయమని నేను చెప్పను, రుచి లేకపోతే ఎన్నాళ్లు తింటాం? పెరుగు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి, మిరియాలు, వీటిలో ఏది పట్టించినా క్యాలరీలు పెద్దగా పెరగవు. బయట కొనే సాసుల్లో మాత్రం చక్కెర, నూనె చూసుకోవాలి.

పచ్చి చికెన్‌ని కుళాయి కింద కడగొద్దని ఆహార భద్రత సంస్థలు చెప్తాయి, ఆ నీటి తుంపర్లతో బ్యాక్టీరియా సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీదా పడుతుంది. కడిగితే బ్యాక్టీరియా పోదు, సరైన వేడి తగిలితేనే చస్తుంది. నాకు ఈ అలవాటు మానడం కష్టమైంది. ఇప్పుడు టిష్యూతో అద్ది, ఆ టిష్యూ చెత్తలో వేసి, చేతులు, కత్తెర, పలక సబ్బుతో కడుగుతున్నాను.

తూకం గురించి మళ్లీ ఒక్కసారి, ఎందుకంటే నా మూడు వారాలు పోయింది ఇక్కడే. పచ్చిగా తూస్తే పచ్చి లెక్క, వండాక తూస్తే వండిన లెక్క, ఎప్పుడూ ఒకే పద్ధతి. నేను పచ్చిగా తూస్తాను, ఎందుకంటే ఎంతసేపు వండాం, ఎంత నీరు పోయింది అన్న గొడవ ఉండదు. ఇంట్లో అందరికీ కలిపి వండేటప్పుడు మొత్తం పచ్చి బరువు రాసుకుని, వండాక మొత్తం ఎంతైందో తూచి, నా వాటా ఎంత భాగమో చూసుకుంటాను. పచ్చిగా 800 గ్రాములు వండాక 600 అయ్యాయనుకోండి, నేను 150 వడ్డించుకుంటే పచ్చి లెక్కలో 200 తిన్నట్టు.

ఆ ఆదివారం తర్వాత నేను తినే చికెన్ రకం పెద్దగా మారలేదు, నిజానికి తొడ ముక్కలు వచ్చి చేరాయి. మారింది చెంచా, తూకం, కత్తెర. మొదటి వారంలో ఏమీ కనపడలేదు, రెండో వారం చివర 600 గ్రాములు, ఆ తర్వాత నిదానంగా, కొన్ని వారాలు అసలు కదలకుండా, మొత్తం మీద నాలుగు నెలల్లో 5 కేజీలు తగ్గాను. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది, తను కూడా తోలు తీసిన తొడ ముక్కలు తెచ్చుకుందట, ఎన్ని డిగ్రీల దగ్గర దింపాలో మర్చిపోయానంది. చెప్పాను. లైన్‌లోనే ఉండి స్టవ్ దగ్గరకెళ్లి గుచ్చి చూసి, "డెబ్భై ఒకటే ఉందిరా, ఇంకాసేపు ఉంచుతా" అని పెట్టేసింది.